చెత్తబండి రాని దూరం

దమ్మాయిగూడ,
హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందిందిరా. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది.

మొన్న మా వీధికి మూడు రోజులు చెత్త ఆటో రాలేదు. బండి పాడైందట. మూడో రోజుకే అరటి తొక్కలు, పాల ప్యాకెట్లు ఇల్లంతా కంపు కొట్టాయి. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన: అంగారకుడికి వెళ్ళి వచ్చేవాళ్ళు దాదాపు మూడేళ్ళు తమ చెత్తతోనే బతకాలి కదా!

ఇప్పుడు అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళకు ఆ టెన్షన్ లేదు. సరుకులు దించేసిన ప్రోగ్రెస్, సిగ్నస్ నౌకల్లో చెత్త కుక్కి పంపేస్తారు. అవి భూమి వాతావరణంలోకి దిగుతూ కాలిపోతాయి. 2022 జూలైలో అయితే 78 కిలోల చెత్తసంచిని నేరుగా బయటికి వదిలారు, అదీ కాలిపోయేలాగే.

అంగారకుడి దారిలో కాల్చడానికి గాలి ఏది? బయటికి తోసినా ఆ సంచి నౌక వేగంతోనే పక్కపక్కన వస్తుంది. పైగా అది అంగారకుడి మీద పడి మన సూక్ష్మజీవులు అక్కడికి చేరితే, ఇక ఆ నేల మీద జీవం కోసం వెతకడం ఎలా? నాసా లెక్కలో నలుగురికి ఏడాదికి దాదాపు 2,500 కిలోల చెత్త. తిండి ప్యాకెట్లు, తడి తుడుపుగుడ్డలు, విడిచిన బట్టలు. అవును, అంతరిక్షంలో బట్టలు ఉతకరు, తొడిగి పారేయడమే.

నాకు బాగా నచ్చింది నాసా ఏమ్స్ కేంద్రం వాళ్ళ యంత్రం. ఇంకా ప్రయోగాల దశలోనే ఉందిలే. చెత్తను వేడిచేసి గట్టిగా నొక్కుతుంది. ప్లాస్టిక్ కరిగి అన్నిటినీ పట్టేస్తుంది, సూక్ష్మజీవులు చస్తాయి, ఆవిరైన నీటిని పట్టుకుని శుద్ధి చేసుకోవచ్చు. చివరికి మిగిలేది ఎనిమిదో వంతు కూడా లేని పలక. మీ నాయనమ్మ పశువుల కొట్టం గోడకు పిడకలు కొట్టేది, గుర్తుందా? ఈ పలకల్నీ అలాగే గోడల వెంట పేర్చాలని ఆలోచన. ప్లాస్టిక్‌లో హైడ్రోజన్ ఎక్కువ కాబట్టి రేడియేషన్‌ను కొంత ఆపుతుందట. చదివి నిజంగా ఒళ్ళు పులకరించిందిరా.

చెత్తను కాల్చి గ్యాస్‌గా మార్చే పద్ధతి మీద కూడా పని జరుగుతోంది. నా ఓటు మాత్రం పలకకే.

ఒక్క సందేహం. నువ్వు ప్లాస్టిక్ అచ్చుల దగ్గరే కదా పనిచేసేది. తడి, జిడ్డు, గుడ్డపీలికలు కలిసిన ప్లాస్టిక్ కరిగితే అచ్చుకు అంటుకోదా? అలాంటప్పుడు మీరేం చేస్తారు? తప్పకుండా రాయి.

నీ
రమణ