విశాఖ తీరంలో 'సెంచూరియన్' పోరాడిన చోట ఒక ఫలకం పెట్టించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

నేను చాలా ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పిన ఉపాధ్యాయుణ్ణి. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూపిస్తే పిల్లలు 1971 యుద్ధం గురించి గడగడా చెబుతారు. అవే నీళ్లలో 1804 సెప్టెంబరులో బ్రిటిష్, ఫ్రెంచి ఓడల మధ్య జరిగిన పోరు గురించి అడిగితే పెద్దలు కూడా తెల్లముఖం వేస్తారు. నేను నడిచినంత మేర ఆ రోడ్డులో దాని ఊసెత్తే ఒక్క పలక కూడా కనిపించలేదు.

అప్పటికి విశాఖకు లోపలి రేవు లేదు. అది 1933లో వచ్చింది. ఓడలు ఒడ్డుకు కాస్త దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు పడవల మీద కెరటాలు దాటి వెళ్లేది. ఈస్టిండియా కంపెనీ వర్తక నౌకలు బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్‌లకు కాపలాగా బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ అక్కడ ఆగి ఉంది. ముప్పై ఏళ్ల పాత తెరచాప ఓడ, 50 ఫిరంగులు. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డు మీద ఉన్నాడు. ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది.

సరిగ్గా అప్పుడే అడ్మిరల్ లిన్వా మూడు ఫ్రెంచి యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు. వాటిలో మారెంగో ఒక్కదాని మీదే 74 ఫిరంగులు. ఫిలిప్స్ వెనుకాడకుండా కాల్పులు మొదలుపెట్టాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి కెరటాల్లో బద్దలైంది, ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. ఫిరంగులు మోగుతుండగానే లిండ్ చిన్న పడవలో తన ఓడకు చేరుకున్నాడు. తెరచాపల తాళ్లు తెగి, కొయ్య చీలి, ఓడ చిల్లులు పడినా సెంచూరియన్ జెండా దించలేదు. ఆ రోజు దానికి పెద్ద అండ మన తీరమేనని నా నమ్మకం. లోతు తెలియని మారెంగో అడుగు నేలకు తగిలింది. ఆ తర్వాత దగ్గరకు రావడానికి జంకి దూరం నుంచే కాల్చింది. చివరికి లిన్వా చిక్కిన వర్తక నౌకతో వెళ్లిపోయాడు.

ఈ పోరును బ్రిటన్ మరిచిపోలేదు. 1847లో బతికున్న నావికులకు పతకాలిచ్చినప్పుడు పతకం రిబ్బను మీద తగిలించేందుకు 'సెంచూరియన్' పేరుతోనే ప్రత్యేక లోహపు పట్టీ చేయించింది.

ఇద్దరు పరాయివాళ్ల కొట్లాట మనకెందుకని కొందరు అడుగుతారు. వాళ్లు కొట్టుకున్నది ఈ తీరపు వ్యాపారం కోసం. ఆ వ్యాపారంలో మన నేతగాళ్ల బట్టకు పెద్ద చోటుండేది. కెరటాల మీద సరుకు చేరవేసిన పడవవాళ్లూ మనవాళ్లే. వాళ్ల పేర్లు ఏ పతకం మీదా లేవు. అందుకే ఆ కథ చెప్పే ఫలకం లండన్‌లో కంటే ఇక్కడే ఉండాలి.

బీచ్ రోడ్డులో ఓడలు నిలిచిన చోట్లు చూపే పటంతో, తెలుగులో ఒక ఫలకం పెట్టించండి. అందులో పడవవాళ్ల గురించి, నేతగాళ్ల గురించి రాయించండి. బార్నబీ శిథిలాలు ఏమైనా మిగిలాయేమో వెతకమని నగరంలోనే ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రాన్ని కోరండి. వెతకబోయే ముందు, వలలు నీళ్లలో ఎక్కడెక్కడ చిక్కుకుంటాయో జాలరిపేట పెద్దలను అడగమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు