పాత డిస్కు తప్పును లైనక్స్ మీద వేసిన మీ ప్రకటనపై ఫిర్యాదు

విజయనగరం

ల్యాప్‌టాప్ కంపెనీ ప్రచార విభాగం అధిపతి గారికి,

విషయం: ల్యాప్‌టాప్ ప్రకటనలోని తప్పుడు పోలికను ఆపి, సవరణ ప్రచురించాలని కోరుతూ.

అయ్యా,

లోకల్ కేబుల్‌లో మీరు వేస్తున్న ప్రకటన గురించీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో, విజయనగరం గంటస్తంభం దగ్గర పంచిన కరపత్రం గురించీ ఈ లేఖ. లైనక్స్ (విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన కంప్యూటర్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు దాటుతుందనీ, మీ విండోస్ 11 ల్యాప్‌టాప్ 12 సెకన్లలో తెరుచుకుంటుందనీ అందులో చెప్పారు. లైనక్స్‌లో తెలుగు రాదన్నారు. ఉచితంగా వచ్చేదానికి వైరస్ నుంచి రక్షణ ఉండదన్నారు. మేం ఈ రెండు జిల్లాల్లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లం, డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పని) చేసేవాళ్లం. మాలో ఎక్కువమందికి తిండి పెట్టేది విండోసే. కాబట్టి దీన్ని లైనక్స్ అభిమానుల అలకగా తీసిపారేయకండి.

ముందు వేగం సంగతి. కరపత్రం వెనక, అడుగున చిన్న అక్షరాల్లో అసలు విషయం మీరే అచ్చేశారు: లైనక్స్ యంత్రంలో 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, మీ దాంట్లో 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (చిప్‌లతో చేసిన కొత్తరకం డిస్కు). నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటికి దాన్ని చదివే హెడ్ జరగడానికి ఇంకో పది, పన్నెండు. అంటే అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద కూడా చదవలేదు. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు జరిగేది సరిగ్గా అలాంటి వేల చిన్న ఫైళ్లను చదవడమే. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, అలాంటివి సెకనుకు వేలల్లో చదివేస్తుంది. ఆ పాత యంత్రంలోనే డిస్కు తీసి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ బిగించండి, అదే లైనక్స్ అర నిమిషంలో తెరుచుకుంటుంది. మీ కొత్త ల్యాప్‌టాప్‌లోని విండోస్ 11ను ఆ పాత డిస్కు మీద వేస్తే ఎంతసేపు పడుతుందో మీ సర్వీసు కేంద్రం వాళ్లను అడగండి. మీరు పోల్చింది డిస్కులను. పేరు మాత్రం సిస్టమ్‌ది పెట్టారు.

ఆ 12 సెకన్లలోనూ ఒక మెలిక ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ నొక్కినా పూర్తిగా ఆగదు. కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే తిరిగి ఎక్కిస్తుంది. లైనక్స్‌ను మాత్రం మొదటి నుంచి లేపారు. సరిగా పోల్చాలంటే ఒకే యంత్రం, ఒకే ఎస్ఎస్‌డీ, ఒకే ర్యామ్ ఉండాలి. రెండిటికీ అప్‌డేట్లు పూర్తయ్యాక, విండోస్‌ను షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ చేయాలి. పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి ఒకే బ్రౌజర్‌లో ఒకే పేజీ పూర్తిగా తెరుచుకునేవరకు స్టాప్‌వాచ్‌తో కొలవాలి. ఐదుసార్లు కొలిచి మధ్య విలువ తీసుకోవాలి. అలా కొలిచాక మీదే ముందుంటే ధైర్యంగా వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు.

ఇలాంటి పోలిక గతంలోనూ ఎదురుదెబ్బ తింది. లైనక్స్ ఖర్చు పది రెట్లు ఎక్కువని మైక్రోసాఫ్ట్ వేసిన ప్రకటనను 2004లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ తప్పుదోవ పట్టించేదని తేల్చింది. అందులో లైనక్స్‌ను ఖరీదైన ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద, విండోస్‌ను మామూలు ఇంటెల్ సర్వర్ మీద పెట్టి లెక్కేశారు. ఇరవై ఏళ్ల తర్వాత మీరు చేసిందీ అదే.

తెలుగు రాదని చూపడానికి పెట్టిన తెరమీద ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయి. అది డీటీపీలో వాడే అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైలని డీటీపీ చేసే ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. ఆ ఫాంట్లు లేని మీ విండోస్ 11లో తెరిచినా అలాగే వస్తుంది. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ పద్ధతి) కావు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెడతాయి. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు విండోస్‌లో నిర్మలా ఫాంటుతోనూ, లైనక్స్‌లో లోహిత్ ఫాంటుతోనూ సరిగ్గానే కనిపిస్తుంది. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండిటిలోనూ ఉంది.

లైనక్స్‌కు నిజమైన ఇబ్బందులు లేకపోలేదు. లెక్కలు రాసే టాలీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను సాఫ్ట్‌వేర్ దాని మీద నేరుగా నడవవు. మన ఊళ్లలో ఎక్కడ చూసినా ఉండే కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌కు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పడడం తలనొప్పి. హెచ్‌పీ 1020కి విడిగా ప్లగిన్ వేయాలి. వీటిని చెప్పి ఉంటే కొనేవాళ్లకు పనికొచ్చేది, మేమూ ఔననేవాళ్లం. ఉన్న లోపం వదిలేసి లేనిది అంటగట్టడమే మాకు మింగుడుపడలేదు.

భద్రత గురించి ఇక్కడివాళ్లకు చెప్పేటప్పుడైనా జాగ్రత్త పడాల్సింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ విరుచుకుపడినప్పుడు శ్రీకాకుళం సహా రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. అది పట్టింది విండోస్ యంత్రాలనే. అలాగని విండోస్ పనికిరాదని మేం అనం, ఎందుకంటే దాన్ని ఆపే ప్యాచ్‌ను (లోపాన్ని సరిచేసే అప్‌డేటును) మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని యంత్రాలే చిక్కాయి. తన మాక్ కంప్యూటర్లకు పీసీ వైరస్‌లు రావని చాలాకాలం చెప్పుకున్న యాపిల్ కూడా, వాటికి ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ వచ్చిపడ్డాక 2012లో తన వెబ్‌సైటులోంచి ఆ మాట తీసేసింది. కాపాడేది అప్‌డేటు. ధరకూ దానికీ సంబంధం లేదు. అన్నట్టు, మీ ప్రకటనను జనం చూస్తున్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది కూడా లైనక్స్ కెర్నల్ మీదే.

పాత కంప్యూటర్ ఇచ్చి కొత్తది కొనే మీ మార్పిడి పథకం కింద రాసిన ‘విండోస్ 10 ఆగిపోయింది, పాతది ఇచ్చేయండి’ అన్న వాక్యం జనాన్ని భయపెడుతోంది. 2025 అక్టోబరు 14న ఆగింది ఉచిత భద్రతా అప్‌డేట్లు; యంత్రం ఆగలేదు. ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూలో (మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో) నమోదైతే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. ఈ సంగతి దాచి పాత కంప్యూటర్లు తీసుకోవడం అన్యాయం.

ఇంకొకటి. ప్రకటనలో నెమ్మది కంప్యూటర్‌గా నిలబెట్టిన మనిషి చేత మా యాస మాట్లాడించారు, వేగంగా ఉన్నవాడికి మాత్రం కోటు తొడిగారు. మా ఊళ్లలో సరుకు అమ్మడానికి వచ్చి మా మాటనే మందబుద్ధికి గుర్తుగా చూపడం మమ్మల్ని నొప్పించింది. ఆ పాత్రను తీసేయండి.

మా కోరిక: ప్రకటనను వెంటనే ఆపాలి. వేగం, తెలుగు, వైరస్, విండోస్ 10 గురించి చెప్పిన మాటలకు అదే కేబుల్‌లో, అదే సైజు కరపత్రంలో సవరణ ఇవ్వాలి. ఇకపై పోలిక వేస్తే ర్యామ్, డిస్కు, వెర్షను, కొలిచిన తీరు అసలు ప్రకటన సైజు అక్షరాల్లోనే ఉండాలి. విండోస్ 10 ఆగిపోయిందన్న వాక్యం నమ్మి పాత యంత్రం ఇచ్చేసినవారు వెనక్కి అడిగితే తిరిగి ఇవ్వాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే కరపత్రం, వీడియో జతచేసి వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కూ, ప్రకటనల ప్రమాణాల మండలికీ, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకూ ఫిర్యాదు చేస్తాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో సెక్షన్ 2(28) చెబుతుంది. సెక్షన్ 21 కింద మొదటిసారికే రూ.10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

ఇట్లు,
విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కంప్యూటర్ మరమ్మతుదారులు, డీటీపీ పనివారు

జతపరిచినవి: కరపత్రం రెండు వైపుల నకలు, కేబుల్ ప్రకటన వీడియో