సాగర్‌లో స్కూబా శిక్షణ: పర్యాటక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారూ, నమస్కారం.

స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగున ఈదడం, నేర్చుకోవాలంటే మనవాళ్లు విశాఖకో గోవాకో అండమాన్‌కో పోవాల్సిందేనా? నాగార్జున సాగర్ మన ముందే ఉంది కదా. పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి 180 మీటర్ల ఎత్తే, కాబట్టి గాలి ఒత్తిడి తక్కువుండే ఎత్తు ప్రదేశాల్లో డైవింగ్‌కు విడిగా వేసే లోతు, సమయం లెక్కలు ఇక్కడ అక్కర్లేదు. మంచినీళ్లు ఉప్పునీళ్లంత తేలనివ్వవు, మునగడానికి నడుముకు కట్టే సీసం బరువు రెండు మూడు కిలోలు తగ్గించుకుంటే సరి.

చేపలు కనపడవు, పగడాలు ఉండవు, నిజమే. వరద వచ్చినప్పుడైతే నీళ్లు ఎర్రగా మారి చాచిన చెయ్యి కూడా కనపడదు. కానీ అలాంటి నీళ్లలో తాడు పట్టుకుని, తడుముకుంటూ వెతకడం వచ్చినవాడే రేపు పడవ మునిగితే పనికొస్తాడు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటు ఒడ్డుకు చేరింది అక్టోబర్ 22న! ఆ టెన్షన్ ఎవరూ మర్చిపోలేదు.

అందుకే టూరిస్టుల ఫొటోల కంటే ముందు పుట్టి మీద వలలేసే కుర్రాళ్లకు నేర్పించండి. గజ ఈత వాళ్లకు వచ్చు, కాకపోతే ఊపిరి బిగపట్టే అలవాటు మాన్పించాలి, సిలిండర్ గాలి పీల్చి ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. తెగిన నైలాన్ వల కాలికి చుట్టుకుంటే కొయ్యడానికి ప్రతివాడి దగ్గరా కత్తి ఉండాలి. డ్యామ్ గేట్లకూ విద్యుత్ కేంద్రానికీ దూరంగా చోటు చూడండి, నీళ్లు వదిలే రోజు శిక్షణ బంద్. ఒడ్డున ఆక్సిజన్ కిట్ లేకుండా మాత్రం ఎవరికీ లైసెన్స్ ఇవ్వకండి.