షాపులో అరలు ఎందుకు మార్చానంటే

మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

పదిహేను రోజులుగా లోపలికి అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ఇదే అడుగుతున్నారు. "ఎన్టీఆర్ సీడీలు ఎక్కడ పెట్టావయ్యా? నాగేశ్వరరావు అర ఏమైంది? కృష్ణవి అమ్మేశావా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. ఏవీ అమ్మేయలేదు, అరలు మార్చానంతే. ఇన్నాళ్ళూ హీరోల పేర్లతో ఉన్న అరలకి ఇప్పుడు హీరోల పక్కన వేషాలు వేసిన సూర్యకాంతం, రంగారావు, రేలంగి, రమణారెడ్డి, అల్లు రామలింగయ్య, జగ్గయ్య, రావు గోపాలరావు, కోట శ్రీనివాసరావు, శ్రీలక్ష్మి పేర్లు రాసి అంటించాను. ఎందుకు మార్చానో చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మొన్న సంక్రాంతికి గుణదల నుంచి ఒక పెద్దావిడ వచ్చి 'మిస్సమ్మ' సీడీ తీసుకెళ్ళారు. పండక్కి అక్కచెల్లెళ్ళు అందరూ కలుస్తున్నారట, మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని చూద్దామనుకున్నారట. సినిమా సగంలో బొమ్మ ఆగిపోయింది. తీసి తుడిచి మళ్ళీ పెట్టినా అక్కడే ఆగింది. కనుమ వెళ్ళాక ఆవిడ సీడీ తిరిగి తెచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. "మా చెల్లెలు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు నాయనా" అని మాత్రం అన్నారు. డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. కానీ ఆ మధ్యాహ్నాన్ని నేనెక్కడి నుంచి తెచ్చివ్వగలను? సీలు తీయని సీడీ కదా, బాగానే ఉంటుందిలే అనుకుని చూడకుండా అమ్మాను. అలమరాలో పదేళ్ళు పడి ఉన్న సరుకది. మన బెజవాడ ఎండకీ ఉక్కకీ ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నా సరే, డిస్కు పాడవుతుంది. అది తెలిసీ అమ్మాను. తప్పు నాదే.

ఆ రోజే ఒక నిర్ణయం తీసుకున్నాను. షాపులో ఉన్న ప్రతి పాత సినిమానీ మొదటి నుంచి శుభం కార్డు దాకా ఆడించి చూశాకే అమ్మాలి. కౌంటర్ పక్కన చిన్న టీవీ, ప్లేయర్ పెట్టుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. డిస్కుని మెత్తటి నూలుగుడ్డతో మధ్యలోంచి అంచు వైపుకి తిన్నగా తుడిచి పెడతాను. మీరు కూడా ఇంట్లో అలాగే తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గీతలు పడి ఇంకా పాడవుతుంది. ఎక్కడైనా ఆగితే ఎన్నో నిమిషంలో ఆగిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆగిన సీడీలు అరవై దాకా తేలాయి. వాటిని పక్కన పడేశాను, ఎంత తక్కువకి అడిగినా అమ్మను.

ఆ నోట్‌బుక్కే అరలు మార్చింది.

నేను సినిమాల గురించి చదువుకున్నవాణ్ణి కాను. చూసి, నచ్చితే నచ్చిందనుకునే మామూలు ప్రేక్షకుణ్ణి. షాపులో కూర్చుని సినిమా చూడటమంటే పూర్తిగా చూడటం కుదరదు. ఒకరు రీఛార్జ్ అంటారు, ఇంకొకరు పెన్‌డ్రైవ్ అంటారు. తల దించి పని చేసుకుంటూ, చెవికి ఏదైనా తగిలితే తల ఎత్తుతాను. నిమిషాల లెక్క పక్కన నాకు తోచింది ఒక ముక్క రాసుకునేవాణ్ణి. నాలుగు నెలల తరువాత ఆ పేజీలు తిరగేస్తే హీరోల పేర్లు చాలా తక్కువగా ఉన్నాయి. "రమణారెడ్డి గొంతు", "సూర్యకాంతం ఎడమ చెయ్యి", "రంగారావు నవ్వు" ఇలాంటివే పేజీల నిండా ఉన్నాయి. నేను తల ఎత్తిందల్లా వీళ్ళ కోసమే.

మా నాన్నగారు గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పనిచేశారు. సినిమా పెట్టెతో పాటు ఊరూరూ వెళ్ళి, హాల్లో తెగిన టికెట్లు లెక్క చూసుకుని రావడం ఆ ఉద్యోగం. కథ బాగుందా లేదా అనే మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. కానీ సూర్యకాంతం ఉన్న సినిమాకి ఆడవాళ్ళ టికెట్లు ముందు అయిపోతాయని చెప్పేవారు. చిన్నప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు.

'గుండమ్మ కథ' ఇప్పుడు చూస్తే ఎక్కింది. 1962లో ఎన్టీఆర్, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాకి సూర్యకాంతం వేసిన పాత్ర పేరు పెట్టారు. అంతకంటే ఏం కావాలి? అంజిగాడిగా ఎన్టీఆర్ రుబ్బురోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బుతూ పాడే పాట అందరికీ గుర్తుంటుంది. ఈసారి మాత్రం నేను గుండమ్మ మొహాన్నే చూశాను. అరుస్తుంది, సవతి కూతురు లక్ష్మిని ఇంటి పనిమనిషి చేసి పెడుతుంది, అంతా నిజమే. కానీ కళ్ళలో ఎప్పుడూ ఒక బెదురు ఉంటుంది. మొగుడు లేని ఇల్లు, ఆస్తి ఎవరు కాజేస్తారో, పిల్లకి ఎలాంటి సంబంధం వస్తుందో అన్న బెదురు. చివరికి ఛాయాదేవి వచ్చి ఆ ఇంట్లోనే ఆవిడ మీద పెత్తనం చేస్తుంటే నాకు గుండమ్మ మీద జాలి వేసింది. గయ్యాళి అని మనం సరదాకి వాడే ఆ పేరు వెనక అంత నటన ఉంది. ఇప్పటిదాకా చూడనివాళ్ళు మొదట ఇదే తీసుకెళ్ళండి.

రంగారావు అర అన్నిటికంటే పెద్దది. 'పాతాళ భైరవి' 1951లో వచ్చింది. ఆయన 1918లో పుట్టారు, మన నూజివీడులో. అంటే ఆ నేపాళ మాంత్రికుడికి అప్పటికి ముప్పై మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ కూర్చునే తీరు, ఆ గొంతు చూస్తే యాభై ఏళ్ళ మనిషి అనిపిస్తాడు. సినిమాల్లోకి రాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసిన మనిషాయన. 'నర్తనశాల'లో కీచకుడి వేషానికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. నాకు మాత్రం 'మిస్సమ్మ'లో జమీందారు ఎక్కువ ఇష్టం. గద లేదు, కిరీటం లేదు, పెద్దగా మాటలు కూడా లేవు. ఎప్పుడో తప్పిపోయిన కూతురి మీద బెంగ పెట్టుకున్న తండ్రి. మేరీ పంతులమ్మని చూస్తున్నప్పుడల్లా ఆయన గొంతు మెత్తబడుతుంది. గుణదల అమ్మగారికి ఏం దక్కకుండా పోయిందో నాకు అప్పుడు అర్థమైంది. అదే సినిమాలో మేరీని అప్పు కోసం వేధించే డేవిడ్‌గా రమణారెడ్డి వచ్చిన ప్రతిసారీ నేను రీఛార్జ్ చేస్తున్నవాళ్ళని ఒక్క నిమిషం ఆగమన్నాను. ఆగినవాళ్ళు కూడా చూశారు.

'మాయాబజార్' గురించి కొత్తగా ఏం చెప్పాలి? 1957 నుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. ఒకటి మాత్రం చెబుతాను. రంగారావు వేసిన ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలోకి వెళ్ళాక అక్కడి నుంచి సావిత్రి చేసిన పని చూడండి. ఆడపిల్ల చీరలో రంగారావు నడక, రంగారావు భుజాలు, రంగారావు చూపు. ఎవరైనా ఇటు తిరిగితే మళ్ళీ అమాయకపు శశిరేఖ. పెళ్ళిపీటల మీద లక్ష్మణ కుమారుణ్ణి బెదరగొట్టే చోట రేలంగి మొహం కూడా చూడండి, ఆ భయం లేకపోతే సావిత్రి నటన సగమే పండేది. సావిత్రిది కృష్ణా నది అవతలి ఒడ్డున చిర్రావూరు. మన ప్రకాశం బ్యారేజీ దాటితే ఎంత దూరం! ఇంకో సంగతి: కౌరవులూ బలరాముడూ కృష్ణుడూ అందరూ ఉన్న ఈ సినిమాలో పాండవులు ఒక్కరూ కనిపించరు. ఇన్నిసార్లు చూసినా నాకు ఈసారే తట్టింది.

2010లో వచ్చిన రంగుల కాపీ కూడా మన దగ్గర ఉంది. అడిగితే ఇస్తాను. నన్ను అడిగితే బ్లాక్ అండ్ వైటే తీసుకోమంటాను. మార్కస్ బార్ట్లే కెమెరాలో పడవ మీద కురిసిన వెన్నెల ఆ నలుపు తెలుపుల్లోనే ఉంది, రంగు వేశాక ఆ చల్లదనం పోయింది. పైగా రంగుల దాంట్లో నిడివి తగ్గించారు.

అన్నీ బాగున్నాయని చెప్పను. 'దేవదాసు' రెండోసారి చూడటం నాకు కష్టమైంది. నాగేశ్వరరావు గారి నటనలో లోపం లేదు. తాగుతున్న మనిషి మీద కంటే, తన ఈడు పిల్లలున్న ఇంటికి రెండో భార్యగా వెళ్ళి, ఆ ఇంటిని చక్కబెట్టుకున్న పార్వతి మీదే నా మనసు పోయింది. సినిమా ఆవిడ దగ్గర ఆగకుండా మళ్ళీ మళ్ళీ సీసా దగ్గరికి వెళ్ళిపోతుంది. పాటల కోసమైతే కళ్ళు మూసుకుని కొనండి. 'దాన వీర శూర కర్ణ' దాదాపు నాలుగు గంటలు. ఎన్టీఆర్ మూడు వేషాల్లో దుర్యోధనుడికి సాటి లేదు. కానీ ఆ దుర్యోధనుడికి యుగళగీతం నాకు అతకలేదు. రెండు పూటలుగా చూడండి. అభిమానులు గట్టిగా అడిగారు కాబట్టి ఆ సినిమాకి మాత్రం ఎన్టీఆర్ పేరుతోనే ఒక అర ఉంచాను.

'అల్లూరి సీతారామరాజు'ని జగ్గయ్య అరలో పెట్టినందుకు కృష్ణ అభిమానులు ఇద్దరు నొచ్చుకున్నారు. 1974లో దర్శకుడు వి. రామచంద్రరావు షూటింగ్ మధ్యలో చనిపోతే మిగతా సినిమా కృష్ణ గారే భుజాన వేసుకుని పూర్తి చేశారు. ఆ గౌరవం నాకూ ఉంది. కానీ తెల్లదొర రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య ఎదురుగా లేకపోతే రామరాజు మాటలకి అంత బలం వచ్చేదా? ఆ కంచు కంఠం అవతల నిలబడింది కాబట్టే ఇవతలి మాట అంత ఎత్తుకి లేచింది. అయినా ఇద్దరూ తెనాలి వైపు వాళ్ళే.

'శంకరాభరణం' అల్లు రామలింగయ్య అరలో ఎందుకుందని అడగనివాళ్ళు లేరు. సంగీతం సినిమా అని నేనూ ఇన్నేళ్ళు అలాగే అమ్మాను. ఈసారి చూస్తే అది ఇద్దరు స్నేహితుల సినిమా కూడా అనిపించింది. శంకరశాస్త్రి ముందు ఊరంతా చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆయన్ని ఆటపట్టించగలిగేదీ, నొప్పించే నిజం చెప్పగలిగేదీ అల్లు రామలింగయ్య వేసిన మాధవయ్య ఒక్కడే. కచేరీలు పోయి, ఇల్లు గడవక, పలకరించేవాళ్ళు లేని రోజుల్లో కూడా ఆ గుమ్మం తొక్కే మనిషి. నాకు అలాంటి స్నేహితుడు ఒకడు ఉన్నాడు, షాపు నడవని ఏడాది అద్దె కట్టాడు. సినిమా అయ్యాక వాడికి ఫోన్ చేశాను.

'ముత్యాల ముగ్గు'లో కాంట్రాక్టరు తెల్లవారుజామున సూర్యుణ్ణి చూసి మురిసిపోతూ ఇంకొకరి సంసారం కూల్చే బేరం కుదుర్చుకుంటాడు. అరవకుండా అంత భయపెట్టవచ్చని 1975లోనే రావు గోపాలరావు చూపించారు. 'శివ'లో రఘువరన్ కూడా గొంతు పెంచకుండానే భయపెడతాడు. కాలేజీ కుర్రాళ్ళు ఆ సినిమా కోసం వస్తుంటారు. రామ్‌గోపాల్ వర్మ చదివింది మన సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలోనే అని చెబితే ఇంకా సంతోషపడతారు.

కోట శ్రీనివాసరావు గారు మన కంకిపాడు మనిషి. 2025 జులైలో ఆయన పోయిన రోజు షాపులో 'అహ నా పెళ్ళంట' పెట్టాను. కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను దగ్గర బజారున పోయేవాళ్ళు గుమ్మంలో ఆగి నవ్వారు. ఆయన పోయిన రోజున అంతమంది నవ్వడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. శ్రీలక్ష్మి కోసమైతే 'శ్రీవారికి ప్రేమలేఖ' తీసుకోండి. సినిమా కథని టైటిల్ కార్డుల నుంచీ చెప్పే ఇల్లాలు ఆవిడ.

ఇక షాపు సంగతులు. టెస్ట్ చేసిన ప్రతి డబ్బా మీద తేదీ వేసి నా సంతకం పెట్టాను. అయినా ఆగితే నెల లోపు తీసుకురండి, వేరేది ఇస్తాను, లేదంటే డబ్బు ఇస్తాను. టెస్టింగ్‌కి సమయం పడుతోంది కాబట్టి ఒక్కో సినిమా మీద పది రూపాయలు పెంచక తప్పలేదు. పెన్‌డ్రైవ్‌లో సినిమాలు ఎక్కించమని అడగొద్దు, అది నేను చేయను. మీ ఇంటి పెళ్ళి క్యాసెట్లు మాత్రం ఎక్కిస్తాను. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ ఆడాల్సిందే, గంటలో ఇమ్మని తొందర పెట్టకండి. టేపు మీద తెల్లటి బూజు కనబడితే ఇంట్లో ప్లేయర్‌లో పెట్టకుండా ముందు నా దగ్గరికి తీసుకురండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఉంటుంది.

ఒక మనవి. అరలు సర్దుతుంటే అద్దెకి ఇచ్చే రోజుల నాటి 'మాయాబజార్' డబ్బా ఒకటి దొరికింది. మూడు సీడీలు ఉండాలి, రెండే ఉన్నాయి. చివరిది లేదు. సావిత్రి పెళ్ళిపీటల సీను అందులోనే ఉంది. ఎవరి ఇంట్లోనైనా పాత ప్లేయర్‌లోనే ఉండిపోయిందేమో ఒకసారి తెరిచి చూడండి. ఎన్నేళ్ళయినా ఫైన్ ఏమీ అడగను.