రంపం వేసేముందు చెట్టు ఎటు పడిందో రాసుకోండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖలో గాలివాన వెలిసీ వెలవకముందే టోర్నడో వచ్చిందంటూ వీడియోలు మొదలవుతాయి. అది సుడి తిరిగే టోర్నడోనా, ఉరుముల మేఘం నుంచి నిలువుగా దిగి నేలకు కొట్టుకుని నలువైపులకూ చిమ్మే గాలి, అంటే డౌన్‌బర్స్టా? తేల్చాలంటే రాడార్ ఒక్కటే చాలదు, నేల మీది గుర్తులూ కావాలి. వాటిని పూట తిరక్కుండానే జేసీబీలు ఊడ్చేస్తున్నాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలినప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. అడవిలో మాన్లు పడినచోటే ఉంటాయి, నగరంలో ఉండవు.

టోర్నడో దారి సన్నగా, పొడుగ్గా సాగుతుంది. ఇరువైపుల చెట్లూ ఎక్కువగా మధ్యగీత వైపే ఒరుగుతాయి. డౌన్‌బర్స్ట్‌లో విసనకర్ర పుల్లల్లా బయటికి పరుచుకుంటాయి. 1974లో అమెరికా అడవుల మీదుగా విమానంలో వెళ్తూ వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా గమనించింది ఈ తేడానే. 1975లో న్యూయార్క్‌లో విమానం కూలడానికి కారణం డౌన్‌బర్స్ట్ గాలేనని తేల్చడానికి అదే దారి చూపింది. టోర్నడోలు వెళ్లిన పొలాల్లో చుట్టలు చుట్టలుగా కనబడే గీతలను బరువైన వస్తువులు ఈడ్చుకుపోయిన గాట్లనుకునేవారు. తీరా దగ్గర చూస్తే అవి మొక్కజొన్న మోళ్లు వరుసగా పేరుకున్న కట్టలు, పెద్ద సుడిలో తిరిగే చిన్న సుడులు వదిలినవి.

మనం చేయాల్సింది పెద్ద పనేం కాదు. రోడ్డు తెరిచే సిబ్బందికి ముందు ఒక మనిషి నడవాలి. పడిన చెట్టు వేళ్ల దగ్గర నిలబడి కొన వైపు చూస్తూ దిక్కును డిగ్రీల్లో రాయాలి. ఫోన్ దిక్సూచి ఇనుప స్తంభం, కారు పక్కన తప్పు చూపుతుంది కాబట్టి నాలుగడుగులు దూరం జరగాలి. వేళ్లతో లేచిందా, విరిగిందా, విరిగితే ఎంత ఎత్తులో అన్నదీ రాయాలి. మాన్లు ఒకదానిమీద ఒకటి పడితే అడుగునది ముందు కూలిందన్నమాట. ఆ వరుస ఫొటోలో పడాలి, లొకేషన్ ఆన్ చేసి తీయాలి. గోడకు ఏ ముఖాన బురద, ఆకులు అంటుకున్నాయో, ఎగిరిన రేకు ఏ ఇంటిదో కూడా అవసరమే. గాలికి పడుకున్న గడ్డిని ముందుగా ఫొటో తీయాలి, మరో వాన పడితే ఆ గుర్తు మిగలదు.

రోడ్డు పక్క చెట్లను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. కాలువ కోసం ఒకవైపు వేళ్లు నరికిన చెట్టు గాలి ఎటు వీచినా రెండోవైపే పడొచ్చు. కొండవాలు చెట్లదీ ఇదే ఇబ్బంది. చదును నేలలోని సరుగుడు తోటలు, చెరకు చేలు ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం. పైనుంచి తీసిన ఫొటోలుంటే మంచిదే, కానీ నౌకాదళ స్థావరాలున్న ఊళ్లో డ్రోన్ అనుమతి ఆ పూటకు దొరకదు. తుపాను కాలానికి ముందే నగరపాలక సంస్థ జీవీఎంసీ, అటవీశాఖ కలిసి అనుమతి తెచ్చుకుని, ఒక పేజీ ఫారం అచ్చువేయించి, వార్డుకు ఒకరికి నేర్పించాలని కోరుతున్నాను. నింపిన ఫారాలు వారంలోగా ఇక్కడి తుపాను హెచ్చరికల కేంద్రానికి చేరాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం