హెడ్జ్ కత్తిరింపులో చేయి కలిపిన అందరికీ కృతజ్ఞతలు

తోట చుట్టూ ఉన్న హెడ్జ్, అంటే వరసగా పెంచిన మొక్కల కంచె, కత్తిరింపు పూర్తయింది. తాడు పట్టినవారికి, కత్తెర పట్టినవారికి, రాలిన కొమ్మలు ఎత్తిపోసినవారికి తోట చూసుకునే మా అందరి తరఫున పేరుపేరునా ధన్యవాదాలు. ఎవరు చేసిన పని ఎందుకు అంతగా పనికొచ్చిందో కూడా ఇక్కడే రాస్తున్నాం. ఇంటి ముందు డురంటా, గోరింట, మందారం వరసలు పెంచుకునేవాళ్లకు అక్కరకొస్తుంది.

మొదటి దండం, కత్తెర ముట్టకముందే ఆకుల్లోకి తొంగిచూసి గూడు ఉందని చెప్పినవారికి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పక్క ముట్టుకోకూడదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు వద్దని ఆపినవారికి రెండోది. ఇన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి ఆకులు కత్తిరించగానే ఒక్కసారిగా ఎండకు బయటపడతాయి. రెండు రోజుల్లో మాడి గోధుమరంగుకు తిరుగుతాయి. మబ్బు పట్టిన రోజైతే మేలు, కానీ ఆకు తడిగా ఉండకూడదు. తడి ఆకుల మీద కోస్తే బూజు తెగుళ్లు కత్తెరతోపాటే మొక్క నుంచి మొక్కకు ప్రయాణం చేస్తాయి.

ఇక అసలు సంగతి: తాడు. రెండు చివర్లా గుంజలు పాతి, తాడు బిగించి కట్టినవారికి ఎంత చెప్పినా తక్కువే. కంటి అంచనాతో కోస్తే పది అడుగులు పోయేసరికి వరస పాములా మెలికలు తిరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, పైన ఒక తాడు, కింద ఒక తాడు వేరువేరు కొలతల్లో కట్టడం. అయిదడుగుల ఎత్తున్న హెడ్జ్‌కి అడుగున మూడడుగుల వెడల్పు, పైన రెండడుగులు. అంటే ఒక్కో పక్క ఆరంగుళాలు లోపలికి వాలుతుంది. "మా హెడ్జ్ కింద బోసిపోయింది, ఏం ఎరువు వేయాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. ఎరువుతో పనిలేదు. ఏ మొక్కయినా చివర్లనే జోరుగా పెరుగుతుంది కాబట్టి, నిలువుగా గోడలా కోసినా నాలుగు కోతలు తిరిగేసరికి పైభాగం గొడుగులా విచ్చుకుంటుంది. ఆ నీడలో కింది ఆకులు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఆ బోసితనం వచ్చాక పూడ్చడం కష్టం, రాకుండా చూసుకోవడం సులువు.

కోత కూడా కింది నుంచి పైకే సాగాలి. తెగిన కొమ్మలు ఇంకా కోయని చోట చిక్కుకోకుండా జారిపడతాయి. పైతలం చివర్లో.

కత్తెరలకు సాన పట్టి ఇచ్చిన పెద్దాయనకు ప్రత్యేక కృతజ్ఞతలు. వాలు ఉన్న పక్కకే, ఉన్న వాలు మారకుండా సాన పట్టారు. చదునైన పక్క మీద మాత్రం లేచిన గరుకు పోయేలా ఒక్కసారి తేలిగ్గా రుద్దారు. రెండు పక్కలా పదును పెడితే రెండు రెక్కల మధ్య సందు వచ్చి, ఆకు తెగకుండా మడతపడుతుంది. ఆకు నలుగుతోందంటే పదును పోయిందనుకుంటాం గానీ, చాలాసార్లు అసలు దొంగ వదులైన నడిమి బోల్టే. ముందు అది బిగించి చూడండి. ఒక వరసలో ఎండుతెగులు కనిపిస్తే, పక్క వరసకు వెళ్లేముందు రెక్కల్ని స్పిరిట్‌తో తుడవాలి. బ్లీచింగ్ ద్రవం వాడితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలపండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తుప్పు పడుతుంది.

ట్రిమ్మర్ మిషన్ తెచ్చినవారు దాని కరెంటు తీగను భుజం మీదుగా వెనక్కి వేసుకుని పనిచేశారు. అలా వేసుకుంటే అది మిషన్ కోసే పళ్ల కిందికి రాదు. చిన్న ఆకుల హెడ్జ్‌కి మిషన్ బాగానే ఉంటుంది. మందారం లాంటి పెద్ద ఆకుల మొక్కల మీద మాత్రం సగం చీలిన ఆకులు మిగిలి, వాటి అంచులు ఎండి వరసంతా కాలినట్టు కనిపిస్తుంది. వాటికి చేతి కత్తెరే, ఒక్కో కొమ్మా చూసుకుంటూ. మిషన్ పళ్ల సందులో సులువుగా పట్టని లావు కొమ్మను బలవంతంగా లాగితే కొమ్మ చీలుతుంది, పన్ను వంగుతుంది.

ఎప్పుడు కోయాలన్న ప్రశ్నకు క్యాలెండర్ కన్నా చిగురే మంచి జవాబు. కొత్త చిగురు మూడు నాలుగు అంగుళాలు రాగానే కోసి, అందులో అర అంగుళం మిగల్చాలి. డురంటా లాంటివి బాగా పెరిగే కాలంలో మూడు నాలుగు వారాలకే ఆ స్థితికి వస్తాయి. అడుగు పెరిగేదాకా ఆగితే కత్తెర ఆకుల్లేని కాడల మీద పడి, పుల్లలు బయటపడతాయి. ప్రతిసారీ సరిగ్గా పాత గాటు మీదే కోస్తే అక్కడ ముడులు కడతాయి. ఒక్కసారిలో పచ్చదనంలో మూడో వంతుకు మించి తీయకూడదు. మంచు పడే చోట్ల మొదటి మంచుకు నెలా నెలన్నర ముందే ఆపేయాలి, లేకపోతే లేత చిగురు మాడుతుంది.

పూల కోసం వేసుకున్న హెడ్జ్ లెక్క వేరు. నూరువరహాలు, మందారం కొత్త కొమ్మ మీదే పూస్తాయి. నెలకోసారి గీత గీసినట్టు కోస్తే మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి. "ఆకులే గానీ పువ్వు లేదు" అనే ఫిర్యాదు ఎక్కువగా ఇలాగే పుడుతుంది. ఒక విడత పూసి వాడగానే కోసి, తర్వాతి విడత పూసేదాకా వదిలేయండి.

తూజా, సైప్రస్ వరస దగ్గర చేయి ఆపిన కుర్రాళ్లకు నిజంగా రుణపడి ఉన్నాం. మందారాన్నో గోరింటనో మోడు దాకా కొట్టినా చిగురు వేస్తాయి. తూజా, సైప్రస్‌ల లోపల మాత్రం ఆకులేని గోధుమరంగు కట్టెలో కోస్తే మళ్లీ పచ్చదనం రాదు, ఆ బొక్క అలాగే ఉండిపోతుంది. ఏటా పచ్చ అంచు మీదే తేలిగ్గా గీయాలి, అంతే.

బాగా ముదిరిపోయిన డురంటా వరసను ఈసారి ఒక పక్కే లోపలికంటా కొట్టాం. రెండో పక్క వచ్చే ఏడాది. రెండు పక్కలా ఒకేసారి కొడితే మొక్కకు ఆహారం తయారుచేసుకునే ఆకే మిగలదు. ఎత్తు తగ్గించిన చోట, కావలసిన ఎత్తుకు ఆరంగుళాలు కిందికి కోశాం. వచ్చే చిగురు లావు మోళ్లను కప్పేస్తుంది.

గన్నేరు కొమ్మల్ని చేతి తొడుగులతో విడిగా కట్టిపెట్టినవారికి మరో నమస్కారం. ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే. పశువులకు వేయకూడదు, కాల్చకూడదు, పొగ కూడా ప్రమాదమే. మిగతా ఆకుల్ని పాత దుప్పట్లు పరిచి పట్టినవారి వల్ల ఊడ్చే పని సగం తగ్గింది. హెడ్జ్ పైన ఇరుక్కున్న తుక్కును కూడా దులిపేశారు. అది అలాగే కుళ్లితే కింద ఆకు చస్తుంది.

మొదళ్లకు నీళ్లు పెట్టి, రెండంగుళాల మందాన కంపోస్టు పరిచాం. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలాం, తగిలితే బెరడు కుళ్లుతుంది. గుంజలు తీసేయలేదు, తాడు చుట్టి షెడ్డులో పెట్టాం. చిగురు నాలుగు అంగుళాలు దాటినట్టు ఎవరి కంట పడినా ఒక మాట చెప్పండి, మళ్లీ కడదాం.