ఆ ఇంట్లో పిల్లలు కూడా ఉన్నారు: విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

నేను గాజువాక ప్రాంతంలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. మా మూడో తరగతి పాప ఒకతె, పక్క గదిలో బల్ల జరిగిన చప్పుడుకే పలక వదిలేసి రెండు చెవులూ మూసుకుంటుంది. నాన్న అమ్మను కొడుతున్న రాత్రి తమ్ముణ్ణి మంచం కిందికి లాక్కెళ్లి, వాడి ఏడుపు బయటికి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టానని ఒకరోజు నాతో చెప్పింది. అలాంటి రాత్రుల మర్నాడు తరగతిలో కునికే ఆ పాపను చదువంటే శ్రద్ధ లేనిదిగా ఎంచి మందలించినదాన్ని నేనే. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఒంటిమీద దెబ్బ పడకపోయినా, ఎప్పుడేం జరుగుతుందోనన్న భయంలో పెరిగే పిల్లలకు నిద్ర, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరు పక్క తడుపుతారు, కొందరు తోటివారిపై చెయ్యి చేసుకుంటారు.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టంలోని 21వ సెక్షన్ కింద, మేజిస్ట్రేటు పిల్లలను తాత్కాలికంగా బాధితురాలి సంరక్షణకు అప్పగించవచ్చు, వారికి హాని అనుకుంటే తండ్రి కలుసుకోవడాన్ని కూడా నిరాకరించాలి. ఇది తెలిసిన తల్లులు నాకు ఒక్కరూ తారసపడలేదు.

గృహహింస ఫిర్యాదు అందిన ప్రతిచోటా ఇంట్లోని పిల్లల వయసు, స్థితి తప్పనిసరిగా నమోదు చేయించండి. పాఠశాలలకు తరచుగా వచ్చే శిక్షణ పొందిన కౌన్సెలర్లను నియమించండి. పిల్లల సహాయవాణి 1098, మహిళల సహాయవాణి 181 నంబర్లను పిల్లల కంటికి అందే ఎత్తులో, తరగతి గది గోడపైనే రాయించండి.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం